మిద్దె మీది ఆయకట్టు

కడప నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి వద్దన్నారు. సారాంశం ఇది.

మామగారు నలభై ఏళ్ల కిందట కట్టించిన ఇల్లు. కింద ఒకటిన్నర అడుగు మందం రాతిగోడలు, నేలంతా కడప బండలు. తర్వాత స్లాబు వేసి పైన ఇంకో అంతస్తు లేపారు. కింద ఈమె, భర్త, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు, అత్తగారు ఉంటారు. పెద్దబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మిద్దె మీద మరిది, తోడికోడలు, డిగ్రీ చదివే వాళ్ల అబ్బాయి. పెరటి గదిలో పోటీ పరీక్షలకు చదువుకునే ఇద్దరు కుర్రాళ్లు అద్దెకున్నారు. ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కటే. భర్త పేరు మీద 100 ఎంబీపీఎస్ ఫైబర్, దాని పెట్టె కింద హాల్లో టీవీ పక్కన. బిల్లు అన్నదమ్ములకు చెరి సగం. మూడేళ్లు ఏ గొడవా లేదు.

తోడికోడలికి ఇంటి నుంచి చేసే ఉద్యోగం వచ్చింది. రోజూ ఒంటి గంటకు బెంగళూరు ఆఫీసుతో వీడియో సమావేశం. సరిగ్గా ఆ సమయానికే బొమ్మ ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. రెండు మూడు నిమిషాల తర్వాత తనంతట తానే సర్దుకుంటుంది. "అక్కా, మీరు కింద ఏదో ఆపుతున్నట్టున్నారు" అని ఆమె మొదట నవ్వుతూ అంది, తర్వాత నవ్వకుండా అంది. ఈమె బడిలో, కూతురు కాలేజీలో. భర్త భోజనానికి వచ్చి, అన్నం కూర ఓవెన్‌లో వేడి చేసి, తల్లికి పెట్టి, తానూ తిని వెళ్లిపోతారు. "ఆ వేళ ఇంట్లో నెట్ వాడే దిక్కే లేదు, ఇక ఆపేదెవరు?" అని ఈమె బాధ. ఈలోగా మరిది కొడుకు తన కంప్యూటర్ కిందికి తెచ్చి, పెట్టెకు నేరుగా వైరు తగిలించి, ఏదో ఆట దించుకుని చూశాడు. తెర మీద 11 కనిపించింది. "100కు డబ్బులు కడుతున్నాం, 11 వస్తోంది. మిగతా 89 పెదనాన్న ఏం చేస్తున్నట్టు?" అన్నాడు. ఈమె తన ఫోనుతో కొలిస్తే టీవీ దగ్గర 90, మిద్దె మీద పడకగదిలో 5 లేదా 6, ఒక్కోసారి 2.

నెల కిందట కూతురు రాత్రి పన్నెండు దాటినా ఫోను వదలకపోతే, ఈమే భర్తతో చెప్పి వైఫై పాస్‌వర్డ్ మార్పించారు. పైవాళ్లకు చెప్పడం మరిచిపోయారు. మర్నాడు పొద్దున తోడికోడలికి పై అధికారులతో సమావేశం ఉంది. అది తప్పిపోయింది. అప్పటి నుంచి రెండు అంతస్తుల మధ్య మాటల్లేవు. అత్తగారు పగలు కింద, రాత్రి పైన తింటున్నారు. రెండు పూటలూ సగమే తింటున్నారట.

కనెక్షన్ ఇచ్చిన మనిషి 300కు మారమంటాడు. దుకాణదారు పన్నెండు వేల మెష్ సెట్టు చూపించాడు. పెద్దబ్బాయి వైరు లాగమంటాడు. భర్త "ఎవరి కనెక్షన్ వాళ్లు పెట్టుకుంటే పీడ వదులుతుంది" అంటారు. అద్దె కుర్రాళ్లు నెలకు 300 రూపాయలు ఇస్తాం, పాస్‌వర్డ్ చెప్పండి అంటున్నారు. ఎవరి మాట వినాలి, తోడికోడలితో మళ్లీ ఎలా మాట కలపాలి అని అడిగారు.

అమ్మా, ముందు ఆ 11 సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో అనుమానానికి సగం ఎరువు అదే.

కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని. ఫైలు దిగేటప్పుడు కంప్యూటర్ చూపించే అంకె బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. దారి ఖర్చులు కొంత పోతాయి కాబట్టి 11 కనిపించిందంటే మీకు రావలసింది దాదాపు మొత్తం వస్తున్నట్టే. ప్రొద్దుటూరు అంగట్లో గ్రాముల్లో బంగారం కొని, ఇంటికొచ్చి తులాల్లో తూచి, తక్కువొచ్చిందని దుకాణం మీదికి పోయినట్టుంది మీ మరిది కొడుకు వ్యవహారం. అతన్ని కోప్పడకండి. తెలియక చేసినా మీకు మేలే చేశాడు. లైను బాగుంది, మీ ఆయన ఏదీ మింగలేదు అనడానికి అతను చూపించిన అంకే సాక్ష్యం. ఈ భాగహారం అతని చేతే చేయించండి. మీరు చెబితే సంజాయిషీ అవుతుంది, తాను చేస్తే లెక్క అవుతుంది.

మరి పైన 5, 6 ఎందుకు? గోడ వల్ల, స్లాబు వల్ల. వైఫై రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే త్వరగా నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది వేగం తక్కువ, కాస్త దూరం పాకుతుంది. మీ టీవీ పక్కన ఫోను మొదటిదాన్ని పట్టుకుంటుంది, అందుకే 90. పైకి వెళ్లేటప్పటికి అడుగున్నర రాయి, దాని మీద ఇనుప చువ్వల స్లాబు. ఇక మిగిలేది రెండోదే, అదీ ప్రాణం తోక దాకా వచ్చాక. పైగా 2.4లో ఒకదానితో ఒకటి కలబడని దారులు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల పెట్టెలన్నీ ఆ మూడింటి మీదే ఇరుక్కుని ఉంటాయి.

మీరు కడపవారు కాబట్టి కేసీ కాలువ గురించి నేను చెప్పనక్కర్లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై మీ జిల్లా దాకా వస్తుంది. చివరి ఆయకట్టు రైతు మడి ఎండిందంటే పైన తక్కువ వదిలారని కాకపోవచ్చు. నడుమ గట్టు తెగి ఉండవచ్చు, పూడిక పడి ఉండవచ్చు. మీ ఇంట్లో మిద్దె చివరి ఆయకట్టు. 300కు మారడమంటే సుంకేసులలో తూము ఇంకొంచెం ఎత్తడం. టీవీ పక్కన 90 ఉన్నది 250 అవుతుంది, మిద్దె మీద 6 ఉన్నది 6గానే ఉంటుంది. బిల్లు మాత్రం మిద్దె దాకా ఎక్కుతుంది.

అసలు మీకు కావలసింది ఎంతో చూడండి. స్పష్టమైన వీడియో సమావేశానికి 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. అత్తగారి సీరియల్ యూట్యూబ్‌లో బాగా కనిపించాలంటే 5. కూతురి పాఠానికి మరో 5. మీ మరిది కొడుకు ఆటకు ఆడే సేపు ఒకటి కూడా పట్టదు. మొత్తం కలిపినా 20 లోపు. అయితే ఆ ఆటకు కొత్త భాగాలు దిగే రోజు వేరు. 50 జీబీ దించాలంటే మీ లైను మొత్తం గంటకు పైగా అతనికే పోతుంది, ఆ గంట మిగతా అందరూ నత్తనడకే. అది రాత్రి నిద్రపోయే ముందు పెట్టుకోమంటే సరిపోతుంది. దానికి పంచాయతీ అక్కర్లేదు.

పూర్వం మన ఊళ్లలో నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు వంతో అతనికి తెలుసు. నీళ్లు అతనివి కావు, కాలువ అతనిది కాదు, గట్టు మీద పార మాత్రం అతని చేతిలో ఉండేది. మీ ఇంట్లో ఆ పార పాస్‌వర్డ్. అది మీ ఆయన చేతిలో ఉంది. ఆయన దాన్ని ఒక్కసారి, అదీ కన్నకూతురి కోసం వాడారు. కానీ పార ఎవరి చేతిలో ఉందో ఆ రోజే పైవాళ్లకు తెలిసొచ్చింది. మీ తోడికోడలి కోపం తప్పిన సమావేశం గురించి అనుకుంటున్నారు మీరు. నాకు అలా అనిపించడం లేదు. సగం బిల్లు కడుతున్నా, తన ఉద్యోగం ఇంకొకరి చేతి మీట మీద ఆధారపడి ఉందని తెలిస్తే ఎవరికైనా మంటెత్తుతుంది.

నేను టెలిఫోన్ శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను. అనంతపురంలో ఒక ఇంట్లో కింద ఫోను, మిద్దె మీద దానికే తగిలించిన రెండో ఫోను. కింద రిసీవర్ ఎత్తితే పైన మాట సన్నగిల్లేది. అంతే, "వింటున్నారు" అని అనుమానం. నెలకు రెండుసార్లు ఫిర్యాదు వచ్చేది, వెళితే తీగలో ఏ లోపమూ ఉండేది కాదు. చివరికి వాళ్లు పైన సొంత లైను తీసుకున్నారు. మాటలు కలిశాయి. ఇది మీ ఆయన సలహాను సమర్థించడానికి చెప్పడం లేదు, కొట్టిపారేయవద్దని చెబుతున్నాను. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇక పంచుకునే దారులు. ఒక కంప్యూటర్‌కు నెట్ తగిలించి, దాని నుంచి మిగతావాటికి పంచడం పాత పద్ధతి. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో కూర్పులోనే ఆ వసతి ఉంది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలోనూ హాట్‌స్పాట్ పేరుతో ఉంది. ఆ కంప్యూటర్ ఆపేస్తే అందరికీ ఆగిపోతుంది. ఒకరి మీట మీద మరొకరు ఆధారపడటమే మీ తగాదా అయినప్పుడు అది మందు కాదు. ఫోను హాట్‌స్పాట్ మాత్రం మీ తోడికోడలు ఆపద్ధర్మంగా సిద్ధంగా పెట్టుకోవాలి. ఆ రోజు పొద్దున అది గుర్తొచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

రిపీటర్ అనే చిన్న పెట్టె చవక. గోడ ప్లగ్గుకు తగిలిస్తే వచ్చిన సంకేతాన్ని అందుకుని ముందుకు పంపిస్తుంది. మామూలు రకాలు ఒకే తరంగం మీద వినాలి, దాని మీదే చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి, సంకేతం అందని గదిలోనే దాన్ని పెడతారు. నీళ్లు లేని బావికి మోటారు బిగించినట్టు. మెట్ల మలుపులో, సంకేతం ఇంకా సగం ప్రాణంతో ఉన్న చోట పెడితే పైన ఫోన్లకు పనికొస్తుంది. రోజూ ఉద్యోగ సమావేశం జరిపేవాళ్లకు దాన్ని నేను చెప్పను.

మెష్ సెట్టు మంచి వస్తువే. రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో పనిచేస్తాయి, ఇంట్లో నడుస్తూ మాట్లాడినా తెగదు. కానీ ఆ పెట్టెలు కూడా ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకోవాలి కదా? మీ రాతిగోడ దుకాణదారు మొహం చూసి దారి ఇవ్వదు. వాటి మధ్య వైరు వేస్తే అద్భుతంగా పనిచేస్తాయి. వైరు వేసేటట్టయితే పన్నెండు వేలు ఎందుకు అన్నది ఆయన్ను అడగవలసిన ప్రశ్న. కొనాలనే ఉంటే, పని చేయకపోతే వారంలో తిరిగి తీసుకుంటానని రాయించుకుని కొనండి.

మీ పెద్దబ్బాయి చెప్పిన వైరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, పనివాడు వచ్చినప్పుడు మీరే పక్కన నిలబడాలి కనుక. కింద పెట్టె నుంచి మిద్దె మీదికి ఒక ల్యాన్ కేబుల్, దాని చివర రెండో రూటర్, అంటే వైఫై పంచే ఇంకో పెట్టె. రాయి రేడియో తరంగాన్ని ఆపుతుంది, వైరును ఆపదు. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా తీసుకెళుతుంది, మీకు 20 మీటర్లు పడితే ఎక్కువ. క్యాట్ 5ఈ అనే రకం చాలు, క్యాట్ 6 అయినా మంచిదే. ఒక్కటి చూసుకోండి. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుళ్లు చవకగా అంటగడతారు. తీగ కొసను చాకుతో గీకితే లోపల తెల్లగా మెరిసిందంటే వద్దనండి. లోపల ఎనిమిది తీగలుంటాయి, ఎనిమిదీ బిగించమనండి. పనివాడు బద్ధకించి నాలుగే బిగిస్తే 100 దాకా బాగానే నడుస్తుంది, లోపం బయటపడదు. ఎప్పుడో 300కు మారిన రోజు వేగం 100 దగ్గరే నిలిచిపోతే మళ్లీ మీ ఆయన మీద పడుతుంది నింద.

మెట్ల గోడ వెంట లోపలే తీసుకెళ్లగలిగితే మేలు. డిష్ తీగ కోసం పాత రంధ్రం ఏదైనా ఉందేమో చూడండి, రాతిగోడకు కొత్త రంధ్రం వేయడం అరపూట పని. బయటి గోడ మీదే పోవాలంటే ఆరుబయట వాడే నల్ల తొడుగు కేబుల్ అడగండి. మామూలు తొడుగు కడప ఎండకు పెళుసెక్కి పగిలిపోతుంది. కరెంటు తీగలున్న గొట్టంలో దీన్ని దూర్చనివ్వవద్దు. డాబాల మీదుగా గాల్లో వేలాడదీయనివ్వవద్దు, పిడుగు దగ్గరలో పడితే రెండు పెట్టెలూ ఒక్కసారే పోతాయి.

రెండో రూటర్ అటక మీద పాతది ఉండవచ్చు, వెతకండి. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా అందించడం మాత్రమే చేసే పెట్టెగా మార్చాలి. అలా మార్చే మీట లేని పాత రకమైతే దాని డీహెచ్‌సీపీని ఆపేసి, చిరునామాను కింది పెట్టెకు భిన్నంగా పెట్టి, వైరును ల్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలో గుచ్చాలి. డీహెచ్‌సీపీ అంటే ఇంట్లోని ప్రతి ఫోనుకూ కంప్యూటర్‌కూ ఒక నంబరు కేటాయించే పని. ఆ పనికి ఇంట్లో ఒక్కరే ఉండాలి. ఇద్దరు నీరుగంట్లు ఒకే కాలువ మీద దిగితే ఏమవుతుందో మీకు తెలుసు. కొత్త రూటర్ కొన్నా ఖర్చు ఆ పన్నెండు వేలలో నాలుగో వంతుకు మించకపోవచ్చు.

ఈ ఏర్పాటులో వేగం కన్నా నాకు నచ్చే గుణం ఇంకొకటుంది. మిద్దె మీది వైఫైకి దాని పేరు దానికే, దాని పాస్‌వర్డ్ దానికే. అది మీ తోడికోడలు పెట్టుకుంటారు. కింద మీరు రాత్రికి రాత్రి పదిసార్లు పాస్‌వర్డ్ మార్చినా పైన ఏమీ కదలదు. ఇంకొంచెం ఎడం కావాలంటే వైరును వాన్ అని రాసిన రంధ్రంలో గుచ్చి, పై రూటర్‌ను మామూలు రూటర్‌గానే వాడవచ్చు. అప్పుడు కింది కంప్యూటర్లు పైవాటిని చూడలేవు. ఆఫీసు ఫైళ్లున్న మనిషికి అది ఒక నిబ్బరం. కానీ ఇంట్లో ఉమ్మడి ప్రింటర్ లాంటిది ఉంటే తికమక పెడుతుంది, అబ్బాయి ఆటల్లో స్నేహితులతో కలవడానికి అప్పుడప్పుడు మొరాయిస్తుంది. ఏది కావాలో పైవాళ్లనే తేల్చుకోనివ్వండి.

ఇంత చేసినా ఒకటి మిగులుతుంది. కింది పెట్టె ఆపితే పైనా ఆగిపోతుంది. కరెంటు పోయినప్పుడు కూడా అంతే. మీ పెట్టె ఇన్వర్టర్ ప్లగ్గు మీద ఉందో లేదో చూడండి, పై రూటర్‌కూ ఆ ఆధారం ఉండాలి. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ కోసమే చిన్న బ్యాటరీ పెట్టెలు దొరుకుతాయి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు చూసి కొనాలి, సాధారణంగా 12 ఉంటుంది.

ఇప్పుడు మీ ఆయన మాట. వేరే కనెక్షన్ తీసుకుంటే ఈ వైర్లు, రంధ్రాలు ఏవీ అక్కర్లేదు. పైన ఫైబర్ పెట్టె, పైన బిల్లు, పైన పాస్‌వర్డ్. ఉద్యోగం ఇంటి నుంచే అయినప్పుడు నెలకు ఆ ఖర్చు అన్యాయమేమీ కాదు, కొన్ని సంస్థలు ఆ డబ్బు ఇస్తాయి కూడా, అడిగి చూడమనండి. ఒకటి పోతే ఇంకొకటి అక్కరకొస్తుంది. అయితే రెండూ ఒకే కంపెనీవైతే స్తంభం దగ్గర తీగ తెగిన రోజు రెండూ పోతాయి, కాబట్టి వేరే కంపెనీది చూసుకోవాలి. నష్టమల్లా ఇప్పుడు తీసుకోవడంలో ఉంది. మాటల్లేని ఈ నెలలో తీసుకుంటే మీ అత్తగారి కంటికి అది కనెక్షన్‌లా కనిపించదు, వేరుపడ్డట్టే కనిపిస్తుంది. పాత్రలు పంచుకునే రోజు ఎంత దూరంలో ఉందా అని ఆవిడ లెక్క వేసుకుంటూ కూర్చుంటారు. మాట కలిశాక, ఆరు నెలలకు, "నీ పనికి ఇదే అనువు" అని తీసుకుంటే ఆ బాధ ఉండదు. పైవాళ్లు ఇప్పటికే కంపెనీవాణ్ని పిలిచి ఉంటే మాత్రం అడ్డు చెప్పకండి, పెట్టె బిగించే రోజు మీరే కాఫీ పట్టుకుని పైకి వెళ్లండి.

అద్దె కుర్రాళ్ల విషయంలో నేను మెత్తగా మాట్లాడను.  ఇంటి కనెక్షన్‌ను డబ్బు తీసుకుని ఇతరులకు అమ్ముకోవడాన్ని కంపెనీల షరతులు సాధారణంగా ఒప్పుకోవు. డబ్బు తీసుకోకపోయినా చిక్కుంది. బయటి ప్రపంచానికి మీ ఇంట్లోని పది పరికరాలూ ఒకే చిరునామాగా కనిపిస్తాయి, ఆ చిరునామా మీ ఆయన పేరు మీద ఉంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే, నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆయనకు ఆ మెయిల్‌తో సంబంధం లేదు, అయినా పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మీ కుర్రాళ్లు మంచివాళ్లే కావచ్చు. వాళ్ల దగ్గరికి వచ్చిపోయే స్నేహితుల సంగతి మీకు తెలియదు. వాళ్ల పేరున చిన్న కనెక్షన్ తీసుకోమనండి, తీగ లాగడానికి గోడ చూపించండి. పరీక్ష దరఖాస్తు నింపుకోవడానికి ఒక పూట కావాలంటే రూటర్‌లో అతిథుల కోసం వేరే నెట్‌వర్క్ పెట్టే వీలు ఉంటుంది, అది తెరిచి సాయంత్రం మూసేయండి.

కూతురి విషయం క్లుప్తంగా చెబుతాను. రూటర్ చేత బిడ్డను నిద్రపుచ్చలేరు. ఒక్క ఫోనుకే రాత్రి పదకొండు తర్వాత ఆగిపోయేలా పెట్టే వసతి చాలా రూటర్లలో ఉంది, ఇల్లంతటికీ పాస్‌వర్డ్ మార్చనక్కర్లేదు. అయితే ఇప్పటి ఫోన్లు రూటర్‌కు చూపించే గుర్తింపు అంకెను మార్చుకోగలవు, ఆ కిటుకు మీకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. ఫోనులో సిమ్ నెట్ ఉండనే ఉంది. పడుకునే ముందు ఫోను హాల్లో పెట్టడం ఇంట్లో అందరికీ నియమం చేస్తే, మీ ఆయనతో సహా, కొంత ఫలితం ఉంటుంది.

ఇక తోడికోడలు. మీ ఉత్తరంలో "పాస్‌వర్డ్ మా వారు మార్చారు" అని రెండో పేజీలో ఉంది, "నేనే మార్పించాను" అని అయిదో పేజీలో ఉంది. పైవాళ్లకు తెలిసింది రెండో పేజీ మాత్రమే అనుకుంటాను. అంటే నెల రోజులుగా మీ ఆయన మీ నింద మోస్తున్నారు, అన్నదమ్ముల మధ్య మాట ఆగింది. చెప్పకుండా కూడా సర్దుకుపోవచ్చు. వైరు వేయించి, "ఇదిగో, నీ కోసం" అంటే మాటలు కలుస్తాయి, కానీ ఎప్పుడో కూతురి నోట నిజం జారితే ఇప్పటికన్నా చేదుగా ఉంటుంది. చెబితే ఒక పూట ఆమె ముఖం మాడ్చుకోవచ్చు. కానీ ఆ తర్వాత మిగిలేది ఒక తల్లి కంగారు, ఒక మరుపు. ఆమే ఒక తల్లి, అర్థం కాకపోదు. వెళ్లాలనుకుంటే మీ ఆయనను వెంట తీసుకెళ్లకండి, పరిష్కారాల జాబితా కూడా పట్టుకెళ్లకండి. "ఆ రాత్రి మార్పించింది నేనే, నీకు చెప్పడం మరిచిపోయాను" అన్న ఒక్క మాట చాలు. వైరు సంగతి ఆమె అడిగినప్పుడు చెప్పవచ్చు.

బిల్లు ఇప్పటిలాగే చెరి సగం ఉంచండి. ఎవరు ఎన్ని జీబీలు వాడారని లెక్క తీయడం మొదలుపెడితే అంతు ఉండదు. కింది పెట్టెను లోపలి నుంచి మార్చే అసలు పాస్‌వర్డ్ ఒకటుంటుంది, చాలా పెట్టెలకు వెనక చీటీ మీద అచ్చు వేసి ఉంటుంది. దాన్ని మార్చి, కాగితం మీద రాసి, మీ అత్తగారి గదిలో దేవుడి పటం వెనక పెట్టండి. ఎవరికి కావాలన్నా ఆవిడను అడిగి తీసుకోవాలి. ఆవిడకు అందులో అక్షరం అర్థం కాదు, అందుకే నమ్మకం.

చివరగా, మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం నన్ను పట్టుకుంది. ఒంటి గంటకు మీ ఆయన వచ్చి అన్నం ఓవెన్‌లో వేడి చేసుకుంటారన్నారు. సమావేశం తెగేదీ ఒంటి గంటకే, రెండు మూడు నిమిషాలే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పనిచేస్తుంది. దాని తలుపు సందుల్లోంచి జారే కాస్త తరంగం మనిషికి హాని చేయదు కానీ, అసలే కొన ఊపిరితో పైకి పాకుతున్న వైఫై గొంతు నొక్కడానికి అది చాలు. ఇదే కారణమని ఇక్కడ కూర్చుని ఒట్టు పెట్టలేను. పరీక్ష తేలిక. ఆదివారం మిద్దె మీద ల్యాప్‌టాప్‌లో మీ పెద్దబ్బాయికి వీడియో కాల్ కలపాలి. కింద ఓవెన్‌లో గ్లాసు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు తిప్పాలి. మీట నొక్కగానే బొమ్మ ఆగి, ఓవెన్ ఆగగానే కదిలితే, మూడు నెలలుగా మీరంతా వెతుకుతున్న దొంగ దొరికినట్టే. వైరు పడేదాకా మీ ఆయన అన్నం పొయ్యి మీద వేడి చేసుకుంటారు.

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు కింద మీట నొక్కాలి, ఇంకొకరు పైనుంచి చూసి కేకేసి చెప్పాలి.